నైవేలి: నీళ్ల మీద బొగ్గు

సింగరేణి బొగ్గు చూసిన కంటికి తమిళనాడులోని నైవేలి లిగ్నైట్ అసలు బొగ్గులాగే అనిపించదు. ముదురు గోధుమ రంగు, చేతికి చెమ్మ. బరువులో దాదాపు సగం నీరే. దేశంలోని లిగ్నైట్ నిల్వలు సుమారు 4,600 కోట్ల టన్నులైతే, అందులో ఎనభై శాతం దాకా తమిళనాడుదే. మిగిలింది చాలావరకు రాజస్థాన్, గుజరాత్‌లది.

1930లలో నైవేలిలో జంబులింగ మొదలియార్ అనే ఆయన పొలంలో బావి తవ్విస్తుంటే నల్లటి పదార్థం బయటపడింది. దాన్ని తవ్వి తీసేందుకు ప్రభుత్వ సంస్థ ఏర్పడింది 1956లో. తవ్వకం లిగ్నైట్ పొరను చేరింది మాత్రం 1961లో. అన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలిస్తేనే అక్కడి పనితనం అర్థమవుతుంది.

లిగ్నైట్ పొర కింద ఒత్తిడితో నిండిన నీళ్లున్నాయి. చదరపు సెంటీమీటరుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల బలంతో పైకి తంతుంటాయి. పైమట్టి బరువు ఉన్నంతసేపూ ఫరవాలేదు. అది తీసేస్తే గని అడుగు ఉబ్బి పగులుతుంది. అందుకే గని చుట్టూ బోర్లు వేసి, రాత్రీపగలూ నీళ్లు తోడి ఒత్తిడి దించుతారు. తక్కువ తోడితే గని మునుగుతుంది, ఎక్కువ తోడితే చుట్టుపక్కల బావులు అడుగంటుతాయి. ఇది కొలత తెలిసినవాళ్ల పని. అయినా తమ నీటిమట్టం పడిపోయిందని, భూములు పోయాయని అక్కడి రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు.

ఇక పైమట్టి. పేరుకే మట్టి, చాలాచోట్ల గట్టి ఇసుకరాయి. జర్మన్ పద్ధతి బకెట్ వీల్ యంత్రం దాని మీద తిరుగుతుంటే చక్రం అంచున ఒక్కో బకెట్ కాస్త కాస్తగా గీరి బెల్టు మీద పోస్తుంది. ఇసుక ఆకురాయిలా బకెట్ పళ్లను అరగదీస్తుంది. అరిగిన పళ్లు మార్చడం అక్కడ నిత్యకృత్యం. టన్ను లిగ్నైట్ కోసం ఐదారు ఘనపు మీటర్లు ఇలా గీరాలి.

ఇంత కష్టపడి తీసింది దూరం పంపితే గిట్టదు. తడి బరువుకు కిరాయి దండగ, కుప్ప పోస్తే తనంతట తానే రాజుకుంటుంది. అందుకే గని పక్కనే బాయిలర్లు. సోవియట్ సాయంతో 1962లో కరెంటు మొదలైన తొలి కేంద్రం 2020లో మూతపడింది. తర్వాత కట్టినవి నడుస్తున్నాయి. గనిలో నీళ్లు తోడే పంపులు తిరిగేదీ ఆ లిగ్నైట్ కరెంటుతోనే.