పాత లాప్‌టాప్ మీద మేమెవరం?

కంప్యూటర్ ఆటల మీద విమర్శ ఏమిటని కొందరు నవ్వొచ్చు. కథలో, సినిమాలో, పాఠ్యపుస్తకంలో ముస్లింను ఎట్లా చూపిస్తున్నారని అడగడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇట్లాగే నవ్వారు. ఇవాళ మా పిల్లలు సినిమా ముందు కంటే ఎక్కువ సేపు కంప్యూటర్ ముందు కూచుంటున్నారు. అక్కడ రాజ్యాలు కడుతున్నారు, కూలగొడుతున్నారు. ఆ రాజ్యాల్లో మాకూ ఒక చోటుంది. ఆ చోటు ఎట్లాంటిదన్నది మొదటి ప్రశ్న. దాన్ని చూడడానికి మా దగ్గరున్న యంత్రం సరిపోతుందా అన్నది రెండోది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు కావన్నదే మేం చెప్పదలుచుకున్నది.

ముందు యంత్రం సంగతి. మాది సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్. 2011 నాటి ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే హార్డ్‌డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బ్యాటరీ ఎప్పుడో పోయింది. వైరు కదిలితే కట్టిన కోటంతా పోయినట్టే. తమ్ముడి చదువు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆట అన్నీ దాని మీదే.

వ్యూహాల ఆటలు ఇట్లాంటి యంత్రాన్ని ఎందుకు చంపుతాయో చాలామందికి తెలియదు. బొమ్మలు బరువని అనుకుంటారు. బొమ్మల కంటే లెక్కలు ఎక్కువ బరువు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆటనే తీసుకోండి. ఎనిమిది మంది ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి 200 మంది జనం. ప్రతి సైనికుడూ చెట్టు తప్పించుకుని, గోడ చుట్టి దారి వెతుక్కోవాలి. ఆ దారుల లెక్క యంత్రం క్షణక్షణం కట్టాలి. ఆట మొదట్లో పది మందే కాబట్టి సాఫీగా సాగుతుంది. గంట గడిచేసరికి సైన్యాలు పెరిగి అడుగు పడదు. ర్యామ్ నిండితే సరుకంతా హార్డ్‌డిస్క్‌కు ఎక్కుతుంది, తెర కొయ్యబారిపోతుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

అందుకు మా విద్యలు మాకున్నాయి. ఫ్యాను దుమ్ము దులుపుతాం. నీడలు, నీటి మెరుపులు తీసేస్తాం. తెర సైజు తగ్గిస్తాం. అన్నిటికంటే చిన్న పటం ఎంచుకుంటాం. ఒక్కడే శత్రువు, 75 మందే జనం. అంటే ఆట ఆడాలంటే ముందు లోకాన్ని చిన్నది చేసుకోవాలి. ఒక్క గదిలో ఏడుగురు పడుకునే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు.

పాత యంత్రం వల్ల నష్టం ఇంతేననుకున్నాం, మసక బొమ్మ, చిన్న పటం. చాలా కాలానికి గానీ అసలు నష్టం కనబడలేదు. పాత యంత్రం మీద పాత ఆటే నడుస్తుంది. పాత ఆట పాత చరిత్రే చెబుతుంది.

1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆటకు 166 మెగాహెర్ట్జ్ పెంటియం, 32 ఎంబీ ర్యామ్ చాలు. మా లాప్‌టాప్ మీద గుర్రంలా పరుగెత్తుతుంది. అందులో ముస్లింలు తుర్కులుగా, సారాసెన్లుగా ఉన్నారు. సారాసెన్ అన్నది మేం పెట్టుకున్న పేరు కాదు, యూరప్ పెట్టిన పేరు. సలాదీన్ కథ ఒకటుంది. మర్యాదగానే చెప్పారు, ఆయన ఔదార్యం దాచలేదు. అయితే ఆ కథ చెప్పేదెవరు? పట్టుబడిన క్రూసేడ్ సైనికుడు. జోన్ ఆఫ్ ఆర్క్ కథను ఆమె వెంట నడిచిన మనిషే చెబుతాడు. సలాదీన్ మంచివాడని నమ్మించడానికి మాత్రం శత్రువు సాక్ష్యం కావలసి వచ్చింది. 'ఆయన ముస్లిమే గానీ చాలా మంచోడండీ' అని మా నాన్నల గురించి చెప్పే పొరుగింటి సర్టిఫికెట్ మాకు గుర్తొచ్చింది. ఆ ఆటలో సారాసెన్ల మఠానికి గుమ్మటం ఉంటుంది, చూడడానికి మసీదులాగే ఉంటుంది. లోపలినుంచి బయటికొచ్చేది మాత్రం యూరప్ సన్యాసి. మౌల్వీ బొమ్మ గీసే తీరిక ఎవరికీ లేకపోయింది.

2012 ఫిబ్రవరిలో వచ్చిన క్రూసేడర్ కింగ్స్ రెండో ఆటది ఇంకో పద్ధతి. పటం మీద ముస్లిం రాజ్యాలున్నాయి, సుల్తానులున్నారు. వాళ్ళ మీద దండెత్తొచ్చు. వాళ్ళుగా ఆడడానికి మాత్రం లేదు. ఆటగాడు క్రైస్తవ రాజే కావాలి. అదే ఏడాది జూన్‌లో విడిగా డబ్బులు కడితే తాళం తీస్తామన్నారు. ఆ అదనపు భాగానికి పెట్టిన పేరు 'ఇస్లాం ఖడ్గం'. తాళం తీశాక ముస్లిం వంశాలకు మాత్రమే విలాసంతో చెడిపోయే ఒక కొలత తగిలించారు. అది పెరిగితే రాజ్యం కూలుతుంది. మనిషిగా ఉండడానికి అదనపు రుసుము, కట్టాక అదనపు కళంకం. 2020లో మూడో ఆట వచ్చింది. అందులో మొదటి రోజునుంచే ముస్లింలుగా ఆడొచ్చు, అదనంగా కట్టక్కర్లేదు. మంచి మార్పే. కానీ ఆ ఆట మా లాప్‌టాప్ మీద తెరుచుకునేలోపు అసర్ నమాజు చేసి రావొచ్చు. తెరుచుకున్నాక ఒక్కో నెల నడవడానికి నిజంగానే నెల పట్టేట్టుంటుంది. మమ్మల్ని శత్రువుగా చూసే ఆట మా యంత్రం మీద బ్రహ్మాండంగా నడుస్తుంది, మనిషిగా చూసే ఆట నడవదు.

అందుకని కొత్త యంత్రం కొంటే తీరిపోయే గోడు కాదిది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో 1999లో భారతదేశమే లేదు. 2013లో పెట్టారు, అందరినీ కలిపి 'ఇండియన్లు' అని ఒకే ముద్ద చేసి. 2019లో ఆటను మళ్ళీ కొత్తగా తెచ్చారు. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 30 జీబీ చోటు అడిగారు. ఆ కొత్త ఆటకే 2022 ఏప్రిల్‌లో ముద్దను విడగొట్టి హిందుస్తానీలు, ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు అని నాలుగు చేశారు. ఒక మిత్రుడి మంచి కంప్యూటర్ మీద ఆశగా తెరిచాం. మేమెక్కడ?

ముస్లింవైతే హిందుస్తానీల్లోకి పో. తెలుగువాడివైతే ద్రావిడుల్లోకి పో. రెండూ అయినవాడికి బటన్ లేదు. హిందుస్తానీల పక్షాన నడిచే కథ బాబర్‌ది. ద్రావిడుల కథ రాజేంద్ర చోళుడిది. 1992 డిసెంబర్ 6కు ముందూ తర్వాతా 'బాబర్ కీ ఔలాద్' అని తిట్టించుకున్న జనం మేం. వీధిలో తిట్టిన మాటనే ఆటలో గౌరవంగా చేతికిస్తున్నారు. తేడా తిట్టులో ఉంది, లెక్కలో లేదు. ఈ దేశపు ముస్లిం అంటే బయటినుంచి గుర్రమెక్కి వచ్చినవాడేనన్న లెక్క రెండు చోట్లా ఒకటే.

ఈ ఆట చూపించే కాలంలోనే గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన అచ్చతెలుగు యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో మొదటి కావ్యం అందుకున్నది ఒక ఖాన్. ఆయన్ను హిందుస్తానీల్లో వేస్తారా, ద్రావిడుల్లో వేస్తారా? ఆట చేసినవాళ్ళు అమెరికాలో, యూరప్‌లో కూచుని చేశారు, వాళ్ళకు తెలియకపోవచ్చు. మన తెలుగు పాఠాల్లో ఎంతమందికి తెలిసేట్టు చెప్పారు?

ఇక్కడ మమ్మల్ని మేం కూడా అడుగుకోవాలి. ఇబ్రహీం పేరు చెప్పుకుని పొంగిపోవడం సులువు. కానీ మా తాతలు కుతుబ్‌షాలు కారు. దూది ఏకినవాళ్ళు, పరుపులు కుట్టినవాళ్ళు, గాజులమ్మినవాళ్ళు, బండ్లు తోలినవాళ్ళు. వ్యూహాల ఆట అందరినీ సింహాసనం మీద కూచోబెట్టి పైనుంచి చూపిస్తుంది. కిందినుంచి చూడనివ్వదు. ముస్లిం సామాన్యుడు అందులో ఏ రూపంలో ఉన్నాడో చూడండి. సారాసెన్లకు ప్రత్యేక సైనికుడు మమ్లూక్, అంటే ఇంకొకరి సొత్తయిన మనిషి. హిందుస్తానీలకు గులాం, అంటే బానిస. సుల్తానో లేకపోతే కత్తి పట్టిన బానిసో. మధ్యలో బతికిన లక్షల మంది లేరు. ఉన్నారంటే పేరులేని గ్రామస్థులుగా ఉన్నారు. కట్టెలు కొడతారు, పొలం చేస్తారు, శత్రువు గుర్రాలు రాగానే ముందు చస్తారు. నవాబుల వారసులమన్న భ్రమ మాకు బయటివాళ్ళు అంటగట్టారు, మాలో కొందరు ముచ్చటపడి తొడుక్కున్నారు. ఆ భ్రమకు ఈ ఆటలు మంచి మేత.

సెక్యులర్ మిత్రులు అంటారు, 'ఆటను ఆటగా చూడండి, అందరికీ ఒకే నియమాలు కదా' అని. నియమాల సంగతీ చూద్దాం. ఈ ఆటల్లో పలువురు కలిసి ఆడేటప్పుడు ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనకు తాను లెక్క కట్టుకుంటుంది. తీగల మీద వెళ్ళేది ఆటగాళ్ళ ఆజ్ఞలే. 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద 1500 మంది విలుకాళ్ళను నడపడానికి కనిపెట్టిన ఉపాయమది. దాన్ని తయారుచేసినవాళ్ళే 2001లో వివరంగా రాశారు. మంచి ఉపాయం. కానీ అన్ని యంత్రాలూ ఒకే అడుగు వెయ్యాలి కాబట్టి, ఒక్కడి యంత్రం కుంటితే అందరి ఆటా కుంటుతుంది. అందుకని 2019 ఆటలో ర్యాంకు పోటీలకు ముందు యంత్రానికి పరీక్ష పెట్టారు. 1000 మార్కులు రాకపోతే పోటీలోకి రానివ్వరు. మా లాప్‌టాప్‌ను గుమ్మం దగ్గరే ఆపేశారు.

పక్కవాడి ఆట చెడగొట్టే హక్కు మాకుందని మేం అనడం లేదు. కానీ ఆ పరీక్ష మా వ్యూహాన్ని కొలవలేదు, మా జేబును కొలిచింది. తెర మీద మాత్రం మేం అర్హత లేనివాళ్ళమనే కనిపించింది. చదువులో, ఉద్యోగాల్లో, అప్పు పుట్టడంలో మేమెంత వెనక ఉన్నామో 2006లో సచార్ కమిటీ లెక్కలతో చూపింది. ఆ వెనకబాటును చూపించి 'మీవల్లే దేశం నెమ్మదిస్తోంది' అనేవాళ్ళకు, ఆ వేగం ఎవరి యంత్రాన్ని చూసి నిర్ణయించారో అడగాలని తోచదు.

అయినా ఆ పాత ఆటలో ఒక తలుపుంది. 1999 నాటి ఆటతోపాటే ఎవరి కథ వాళ్ళు అల్లుకునే ఎడిటర్ ఇచ్చారు. అది మా లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. అందులో మేం ఒక చిన్న పటం మొదలుపెట్టాం. ఒక చెరువు, గట్టు కింద పొలాలు, గుమ్మటమున్న మఠాన్నే దర్గా అనుకున్నాం. పీర్ల చావిడికి సరైన బొమ్మ దొరక్క ఒక ఇల్లు పెట్టాం. దూదేకుల మనిషి ఆటలో లేడు కాబట్టి గ్రామస్థుణ్ణే తెచ్చాం. సుల్తాను లేడు. మమ్లూకులు లేరు. ఇరవై మంది గ్రామస్థులు చావిడి దగ్గరికి చేరితే గెలుపు అని షరతు పెట్టాం. ఆ ఇరవై మందిలో ముస్లింలెవరో, కానివాళ్ళెవరో ఆటకు చెప్పలేదు. పీర్ల పండగ నాడు మా ఊళ్ళోనూ ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు.

ఆ పటం ఇంకా పూర్తికాలేదు. మా బొమ్మ గీయడం కొత్త యంత్రాల వాళ్ళు ఎప్పుడో చేసే దయ కాకూడదు. ఈ నాసిరకం యంత్రం మీదే, ఈ చిన్న పటం మీదే మేం గీసుకుంటాం. తెలుగు చదివేవాళ్ళు వచ్చి ఆడి చూడండి. సింహాసనం లేకుండా ఆడడం మొదట కష్టంగానే ఉంటుంది.