‘జెంటూ’ శబ్దవిచారము

ఒక జాతికి పరులు పెట్టిన పేరు ఆ జాతిని గూర్చి చెప్పుదానికంటె, పేరు పెట్టినవారిని గూర్చియే యెక్కువగా చెప్పును. ఇందులకు ‘జెంటూ’ అను ఆంగ్లపదము చాలిన నిదర్శనము. ఇప్పుడీ మాట నిఘంటువులలో మూలబడి యున్నది. ఆంగ్లము బాగుగా చదివినవారిలో సైతము దీని నెఱిగినవారు కొలదిమందియే. కాని యొకప్పుడు చెన్నపట్టణపు దొరలు మనలను, మన భాషను ఈ మాటతోనే పిలిచిరి. కావున దీని చరిత్ర మనకు తెలియదగినది.

1498వ సంవత్సరమున వాస్కో డ గామా మలబారు తీరమును చేరిన పిమ్మట, పోర్చుగీసువారు ఈ దేశపు జనులను ముఖ్యముగా రెండు తెగలుగా విభజించిరి. మహమ్మదీయులను ‘మోరో’ లనిరి. అది స్పెయిను, ఉత్తరాఫ్రికా దేశములలో తమకు పరిచితులైన మహమ్మదీయులకు వారు వాడుచుండిన పేరు. హిందువులను ‘జెంతియో’ లనిరి. అనగా అన్యమతస్థులని యర్థము. ఈ పేరులో దేశము లేదు, భాష లేదు, ఆచారము లేదు. ‘వీరు మావారు కారు’ అను నిషేధ మొక్కటియే కలదు. ఆంగ్లేయులు దానినే ‘జెంటూ’ అని మార్చుకొని హిందువు లందఱకును వాడిరి.

ఈ మాటకు గ్రంథగౌరవము కలిగించినవాడు నథానియల్ హాల్‌హెడ్. వారన్ హేస్టింగ్సు ప్రేరణమున వంగదేశమున 11 మంది పండితులు ‘వివాదార్ణవసేతు’ వను ధర్మశాస్త్ర సంగ్రహమును సంస్కృతమున కూర్చిరి. దానిని పారసీకములోనికి మార్పగా, ఆ పారసీకమునుండి హాల్‌హెడ్ ఆంగ్లీకరించి 1776లో ‘ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్’ అను పేర ప్రకటించెను. పీఠికలో నాతడు ఈ మాటను సంస్కృతపు ‘జంతు’ శబ్దముతో ముడిపెట్టెను. జంతువనగా ప్రాణియనియు, సంకుచితార్థమున మనుష్యుడనియు, అది హిందువులకు మాత్రమే చెల్లు పేరు కాదనియు నాతడే వ్రాసెను. తగదని తానే యెఱిగిన పేరును గ్రంథము నొసట నుంచుట విమర్శింపదగిన విషయము. పాలకులకు వాడుక చాలును. పాలితులు తమ్ము తా మేమని చెప్పుకొందురో యడుగవలసిన పని వారికి తోచలేదు.

ఇక వ్యుత్పత్తి మాట. ‘జెంటూ’ జంతుశబ్దభవము కాదు. అది లాటినులో కులము, జాతి యను నర్థముగల ‘గెన్స్’ శబ్దపు కుటుంబమునుండి పోర్చుగీసు ద్వారమున వచ్చినది. అయినను ఇందొక చమత్కారము కలదు. ఆ లాటిను శబ్దమునకును, మన జన, జాతి, జంతు శబ్దములకు మూలమైన ‘జన్’ ధాతువునకును ఆదిమూల మొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. హాల్‌హెడ్ పట్టిన త్రోవ తప్పు. చుట్టఱికము మాత్రము నిజము. ధ్వనిసామ్యము చూచినంతనే ప్రపంచభాషలలోని మాటలన్నియు సంస్కృతమునుండియే పుట్టినవని చాటు మన పండితులు కొందఱు ఇచ్చట నొక పాఠము నేర్వవలెను. ఇద్దఱికి పోలిక యున్నంతమాత్రమున ఒకడు రెండవవాని కుమారుడు కానక్కఱలేదు. వారు దాయాదులు కావచ్చును.

దక్షిణమున ఈ మాట మఱియొక త్రోవ పట్టెను. చెన్నపట్టణమున 1639లో స్థలము సంపాదించిన ఆంగ్లేయులకు ఇరుగుపొరుగు వారు తెలుగువారును, తమిళులును. తమిళమును వారు ‘మలబారు’ అనిరి. తెలుగునకు ‘జెంటూ’ యే పేరయ్యెను. పోర్చుగీసువారు వచ్చునాటికి దక్షిణమున విజయనగర ప్రాబల్య ముండుట యిందులకు కారణము కావచ్చునని 1886 నాటి ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువున యూల్, బర్నెల్ పండితు లూహించిరి. ఇట్లొక్క మాటయే కలకత్తాలో హిందువు, చెన్నపట్టణములో తెలుగువాడు ఆయెను.

1816లో కాంబెల్ దొర తన వ్యాకరణమునకు తెలుగు భాష యని పేరు పెట్టి, ‘సామాన్యముగా జెంటూ అనబడునది’ యని చేర్చెను. ఆ పుస్తకముననే ఎల్లిసు దొర వ్రాసిన యుపోద్ఘాతము కలదు. తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేఱొక కుటుంబమునకు చెందినదనియు నందు నిరూపింపబడెను. కాల్డ్‌వెల్ గ్రంథము 1856లో వెలువడుటకు నలువది సంవత్సరముల ముందుమాట యిది. అట్టపై నిలిచినది పరుల యజ్ఞానపు నామము. లోపల వెలిగినది భాష స్వరూపజ్ఞానము. తరువాత బ్రౌను దొర 1840లో వ్యాకరణమును, 1852లో నిఘంటువును తెలుగు పేరనే వెలువరించెను. జ్ఞానము పెరిగినకొలది జెంటూ తరిగెను.

పిమ్మట ఆ మాట దక్షిణసముద్రముల కేగినది. అచ్చటి పెంగ్విను పక్షులలో నొకదానికి నేటికిని ఆ పేరే. నెత్తిమీది తెల్లని పట్టెను తలపాగగా భావించి యట్లు పిలిచిరని కొంద ఱూహింతురు. ఆ పక్షి నీటిలో మిక్కిలి వేగముగా నీదును. అందుచే 2002లో వెలువడిన యొక కంప్యూటరు వ్యవస్థకును దాని పేరే పెట్టిరి. నేడు ‘జెంటూ’ యనినచో లోకమునకు పక్షియు యంత్రమును తోచును గాని తెలుగువాడు తోచడు. ఇందు విచారింపవలసిన దేమియు లేదు.

విచారింపవలసినది వేఱొకటి కలదు. మనమును ఈ పనియే చేసితిమి. అస్పష్టముగా పలుకువాడను నర్థముగల మాటతో పరదేశీయులను మ్లేచ్ఛులంటిమి. అయోనియా గ్రీకులకు చెందిన ‘యవన’ నామమును మహమ్మదీయులకు తగిలించితిమి. ఆంగ్లమును హూణభాష యంటిమి. హూణులకును ఆంగ్లేయులకును సంబంధ మేమి? పొరుగువారు తమిళ మనుకొను భాషను మనము అరవ మని, హాస్యమునకు సైతము వాడుకొందుము. మన యిండ్లలో పిల్లలు ఈ మాటలను పాలతోపాటు నేర్చుచున్నారు. దొరల జెంటూను చూచి నొచ్చుకొను మనస్సు, మన నోటి మాటలను చూచియు నొచ్చుకొనవలదా?

పేరు చిన్నదే. కాని యెవరినైన పిలుచుటకు ముందు వారి పేరు వారినే యడుగుట మర్యాదకు మొదటి మెట్టు. ఆ మెట్టు నెక్కని చదువు ఎన్ని భాషలు నేర్పినను అసంపూర్ణమే.