ఆచారముగా మారిన యపాయము

ఒక కార్యాలయపు సంస్కృతి యన నేమి? గోడకు వ్రేలాడు నీతివాక్యములా? ఉద్యోగుల చేతికిచ్చు నిబంధనావళియా? కావనియు, ఏ దోషమును జూచి యచ్చటివారు ఉలికిపడుట మానివేసిరో దానియందే యా సంస్కృతి తెలియుననియు అమెరికా సామాజిక శాస్త్రజ్ఞురాలు డయాన్ వాన్ గ్రంథము మాకు బోధపఱచినది. 'ది ఛాలెంజర్ లాంచ్ డెసిషన్' అను నీ గ్రంథము 1996లో వెలువడినది.

1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక యెగసిన 73 సెకనులకే భగ్నమై, అందున్న యేడుగురును మరణించిరి. చలికి గట్టిపడిన రబ్బరు వలయములు రాకెట్టు అతుకునుండి మంట వెలికిరాకుండ నిలుపజాలకపోయెను. కాలపు తొందరచే అధికారులు నియమముల నుల్లంఘించిరని యనేకులు తలచిరి. వాన్ దీని నంగీకరింపదు. నియమములను పాటించుచునే వారు చెడిరని యామె సిద్ధాంతము. వలయములు దెబ్బతినుట 1981లోనే కనబడినది. నౌక క్షేమముగా తిరిగివచ్చుటచే అది సహింపదగినదని వ్రాసికొనిరి. మఱల దెబ్బతినెను, మఱల నట్లే వ్రాసికొనిరి. నిన్నటి మినహాయింపు నేటి నియమమయ్యెను.

ప్రయోగమునకు ముందటి రాత్రి, రాకెట్టు నిర్మించిన సంస్థ యింజనీర్లు 53 డిగ్రీల ఫారన్‌హీటుకు దిగువ నౌక నెగురవేయరాదనిరి. వారు చూపిన యాధారములు చాలవని నాసా యధికారులు ఆక్షేపించిరి. క్షేమమని నిరూపించు భారము ఎగురవేయువారిపై నుండవలెను గదా. ఆ రాత్రి యపాయమని నిరూపించు భారము వలదన్నవారిపై బడెను. తుదకు ఆ సంస్థ పెద్దలే తమ యింజనీర్ల మాటను త్రోసిపుచ్చిరి.

గ్రంథమునందు మాకొక కొఱత తోచుచున్నది. అభ్యాసమే సర్వమునకు కారణమైనచో వ్యక్తికి బాధ్యత యెక్కడిది? 1985 జూలైలోనే లిఖితపూర్వకముగా హెచ్చరించిన ఇంజనీరు రోజర్ బోజొలే ఆ సంస్థలో పనిచేసినవాడే. అలవాటు కన్నులకు గంతలు కట్టును. కాని అందఱి కన్నులకును గాదు. గంతలు లేనివాని మాట నణచినవారిని అలవాటు పేరిట క్షమింపజాలము.

అయినను, మనుష్యులను మార్చినంతమాత్రమున సంస్థ మారదను నామె హెచ్చరిక వ్యర్థము కాదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక నాశనమై మఱి యేడుగురు మరణించిరి. ఇంధనపు తొట్టినుండి నురుగుముక్కలు ఊడి నౌకకు తగులుట యప్పటికి పరిపాటియై యుండెను. ప్రమాదమునకు ఆ నురుగెంత కారణమో సంస్థ సంస్కృతియు నంత కారణమని విచారణ మండలి యదే సంవత్సరము తేల్చెను.

కావున తమ కార్యాలయమును గ్రహింపగోరు చదువరులు గోడమీది వ్రాతలను విడిచి, 'ఇంతవఱకేమియు గాలేదు' అను మాట యచ్చట నెంత తఱచుగా వినబడునో, వలదన్నవాని కెట్టి మర్యాద జరుగునో గమనింతురు గాక.