ఐదు గళ్ళలో ఒక ఏరు

పోర్చుగల్ ఉత్తరాన ఫెల్గైరాస్ గుట్టల్లో పుట్టి, పెనఫియెల్ పొలాల పక్కగా మెలికలు తిరిగి, పోర్తో నగరానికి కాస్త ఎగువన డౌరో నదిలో కలిసిపోయే చిన్న ఏరా! సోజా! పెద్ద పటంలో నిన్ను వేలు పెట్టి వెతుక్కోవాలి. నీ పేరు మాత్రం మూడు ఖండాల్లో, ఏ ఊరి గుమ్మం మీద చూసినా కనిపిస్తుంది.

మా తెలుగువాళ్ళలో ఊరి పేరే ఇంటిపేరైన వంశాలు కోకొల్లలు. అందుకే నీ కథ నాకు కొత్తగా తోచదు. నీ గట్ల మీద భూములేలిన దొరలు నీ నీళ్ళ పేరునే వంశానికి పెట్టుకున్నారు. ‘ద సోజా’ అంటే సోజా తాలూకు మనిషి. నీ పేరే మోసే పాసు ద సోజా మఠంలో ఎగాష్ మోనిజ్ సమాధి ఉంది. పోర్చుగల్ తొలి రాజును పెంచి పెద్దచేసినవాడాయన. ఆ రాజు మాట తప్పితే, పూచీ తనదే కాబట్టి మెడకు తాడు వేసుకుని, ఆలుబిడ్డలతో సహా పొరుగు రాజు ముందు నిలబడ్డాడని కథ. ఆ కథనే సమాధి రాతి మీద చెక్కారు. ఇంత పరువుగల పరగణా పేరు ఇల్లు కదలకుండా ఉంటుందా?

ఓడలెక్కావు. 1549లో తొమే ద సోజా అయి బ్రెజిల్‌లో దిగావు, సాల్వదోర్ నగరానికి పునాది వేశావు. అంతకు ఏడేళ్ళ ముందే మార్తీం అఫోన్సు ద సోజా అయి గోవాకు గవర్నరుగా వచ్చావు, ఆ ప్రయాణంలోనే ఫ్రాన్సిస్ జేవియర్‌ను వెంటబెట్టుకొచ్చావు. ఇక్కడ నిన్ను పొగిడి ఊరుకోలేను. గోవాలో మతం మారిన కుటుంబాలకు పాదిరీల పేర్లో, జ్ఞానస్నానానికి పెద్దగా నిలబడ్డ దొరల పేర్లో అంటగట్టారు. తాతముత్తాతల పేరు చెరిగిపోయిన చోట నువ్వు కూర్చున్నావు. అయినా కొంకణి నాలుక నిన్ను ఊరికే వదల్లేదు. నానబెట్టి, మెత్తబరిచి, డిసౌజా చేసి తనదాన్ని చేసుకుంది. 1924లో సాలిగావ్‌లో పుట్టిన ఎఫ్.ఎన్. సౌజా కుంచె పట్టి, ఆ చర్చి నీడల మీదే నల్లటి గీతలతో తిరగబడ్డాడు. అప్పటికి నువ్వు గవర్నర్లకు మిగల్లేదు, మావాళ్ళదానివైపోయావు.

ఇంకో పాయ అట్లాంటిక్ దాటి వాషింగ్టన్ చేరింది. స్పెయిన్‌లోని సెవిల్‌లో పుట్టిన పోర్చుగీసు వంశీకుడు ఆంటోనియో అక్కడి మెరైన్ బ్యాండులో ట్రాంబోన్ ఊదేవాడు. 1854 నవంబరు 6న ఆయనకు కొడుకు పుట్టాడు: జాన్ ఫిలిప్. కుర్రాడు పదమూడేళ్ళకే సర్కస్ బ్యాండుతో ఉడాయించబోతే, తండ్రి చెవి పట్టుకు లాక్కొచ్చి అదే మెరైన్ బ్యాండులో అప్రెంటిస్‌గా చేర్పించాడు. సర్కస్‌కు పోనివ్వకపోవడం సంగీతానికి లాభించిందో లేదో గాని, 1880కల్లా ఆ బ్యాండుకు నాయకుడు ఆ కుర్రాడే. కాళ్ళు వాటంతటవే లేచే కవాతు పాటలు రాశాడు, నూటముప్ఫైకి పైగా. 1889లో ఒక పత్రిక పిల్లల వ్యాసరచన పోటీ బహుమతుల కోసం కట్టిన ‘ది వాషింగ్టన్ పోస్ట్’ను 35 డాలర్లకు అమ్మేశాడు. దానిమీద ఊళ్ళన్నీ నాట్యం చేశాయి, డబ్బు ప్రచురణకర్తకు పోయింది. భుజం మీద కొండచిలువలా చుట్టుకుని తల మీద నోరు తెరిచే ఆ ఇత్తడి వాద్యానికీ నీ పేరే, సూజాఫోన్. అవును, అమెరికాలో నువ్వు సూజావు.

నీమీద పుట్టిన కట్టుకథల్లో నాకు ఇష్టమైంది ఒకటుంది. ఈ సంగీతకారుడు అసలు ఎస్.ఓ. అనే పొడి అక్షరాల మనిషనీ, ప్రయాణపు పెట్టె మీద వాటి పక్కన యు.ఎస్.ఎ. అని రాసుకుంటే అంతా కలిసి నువ్వైపోయావనీ! ఈ కథ ఇంగ్లండులో చెబితే ఆ మనిషి ఇంగ్లీషువాడు, జర్మనీలో చెబితే జర్మనీవాడు. ఇదంతా తన ప్రచారం చూసిన ఏజెంటు బుర్రలోంచి పుట్టిందని ఆయనే తర్వాత చెప్పాడు. పుట్టించినవాడికి తెలియకపోయినా, అది అచ్చమైన క్రాస్‌వర్డ్ ఆధారమే.

1913 డిసెంబరు 21 ఆదివారం ‘న్యూయార్క్ వరల్డ్’లో ఆర్థర్ విన్ తొలి గళ్ళబొమ్మ వేశాడు, వజ్రం ఆకారంలో. ఆ తర్వాత స్థిరపడిన అమెరికన్ పద్ధతిలో ప్రతి గడీ అడ్డానికీ నిలువుకీ రెండు కూలీలు చేయాలి. అలాంటి చోట హల్లులు మొరాయిస్తాయి, అచ్చులు చేయి అందిస్తాయి. ఇంగ్లీషు అయిదక్షరాల్లో మూడు అచ్చులున్న నిన్ను కూర్పరులు కళ్ళకద్దుకోరూ? ‘కవాతు రాజు’, అయిదు. ‘ఎల్ కాపితాన్’ స్వరకర్త, అయిదు. బ్రెజిల్ తొలి గవర్నర్ జనరల్ ఇంటిపేరు, అదీ అయిదే. ఆ కవాతు రాజు 1932 మార్చి 6న పోయాడు. మార్చ్‌కు రాజు, మార్చిలో మరణం: కూర్పరి అడగకుండానే దొరికిన శ్లేష.

యంత్రం పాడే పాటలు మనిషి గొంతును చంపేస్తాయని 1906లో వ్యాసం రాసి పోట్లాడినవాడాయన. డబ్బాలో బిగించిన సంగీతమని గ్రామఫోన్‌ను ఎద్దేవా చేశాడు. ఇవాళ ఆయన పాట ఒక్కటీ వినని మనిషి కూడా, పొద్దున్నే కాఫీ తాగుతూ, ఆయన్ను అయిదు డబ్బాల్లో బిగించేస్తున్నాడు. ఆయనకు కోపమొస్తుందేమో. నాకైతే బాగానే ఉంది. శిలావిగ్రహం కన్నా పెన్సిలు మొన నయం. రోజూ ఎవరో ఒకరు తడుముకుంటారు, చెరిపి మళ్ళీ రాస్తారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి, ఓ సోజా. మా గళ్ళ నుడికట్టులో నీకు దొరికేవి రెండే గళ్ళు. నీ అచ్చులన్నీ హల్లుల చంకనెక్కి కూర్చుంటాయి, విడిగా కూలికి రావు. పైగా ఆ రెండు గళ్ళ కోసం రోజా, రాజా, బాజా అప్పటికే తోసుకుంటూ ఉంటాయి. మా దగ్గర నీ పప్పులుడకవు.