ఆటలోని యభ్యాసము: బ్రాంటీ తోబుట్టువుల తొలిరచనలు

శక్తి, నిపుణత, అభ్యాసము అను మూఁడును గలసి కావ్యోత్పత్తికి ఒకే హేతువని మమ్మటుఁడు కావ్యప్రకాశమున నిర్ణయించెను. అందు అభ్యాసమునకు కావ్యజ్ఞుల శిక్ష తోడుగా నుండవలెనని ఆతని మతము. ఈ శిక్షాశబ్దమునకు బడులలో దిద్దుబాటు, వల్లెవేఁత, సమస్యాపూరణము అని యర్థము చెప్పుకొనుట వాడుక. పదునాలుగేండ్ల పిల్లవాఁడు లేని రాజ్యమును గల్పించి, దానికి రాజును, మంత్రిని, శత్రువును ఏర్పఱచి కథలల్లుచుండినచో అది చదువునకు విఘ్నమనియే పెద్దల తలంపు. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటకు ఆంగ్లసాహిత్యమున బ్రాంటీ తోబుట్టువుల చరిత్రము తగిన నిదర్శనము.

పాట్రిక్ బ్రాంటీ యార్క్‌షైరు మండలమందలి హావర్తు గ్రామమున క్రైస్తవాలయపు మతాచార్యుఁడు. ఆయన భార్య 1821లోను, పెద్దకూఁతు లిరువురు 1825లోను మరణించిరి. మిగిలినవారు షార్లెట్టు, బ్రాన్వెల్లు, ఎమిలీ, ఆన్ అను నలువురు. 1826 జూను నెలలో తండ్రి లీడ్సు పట్టణమునుండి కొడుకునకు 12 కొయ్యసిపాయిలు గల పెట్టె నొకదానిని గొనితెచ్చెను. పిల్లలు తలకొక బొమ్మను దీసికొని పేరు పెట్టిరి. షార్లెట్టు బొమ్మ వెల్లింగ్టను ప్రభువు. బ్రాన్వెల్లు బొమ్మ నెపోలియను. ఆ సిపాయిలు ఆఫ్రికాతీరమున రాజ్యము స్థాపించిరి. గాజునగరము దానికి రాజధాని. అరేబియా రాత్రుల కథలు చదివిన యా నలువురు తామే జినీలను భూతములై యా రాజ్యమును గాపాడుచుండిరి. యుద్ధమున జచ్చిన సిపాయిలను మరల బ్రతికించు నధికారము ఆ భూతములకు గలదు. తల్లిని, అక్కలను గోలుపోయిన యింటి యాటలో ఇట్టి యధికారము చోటు చేసికొనుట గమనింపఁదగినది. దానిని వట్టి ప్రొద్దుపుచ్చు పని యనువాఁడు బాలహృదయ మెఱుఁగఁడు.

1829లో బ్రాన్వెల్లు తమ యింట చదువుకొను బ్లాక్‌వుడ్సు పత్రిక ననుకరించి గాజునగరపు పత్రికను మొదలిడెను. ఆ యేఁడే దాని సంపాదకత్వము షార్లెట్టు చేతికి వచ్చెను. చదువరులు కొయ్యసిపాయిలు గాన పుస్తకములును అగ్గిపెట్టెయంతటివి. అక్షరములు అచ్చును బోలి, భూతద్దము లేనిదే చదువ నలవికానంత చిన్నవి. విషయసూచిక, కథలు, పద్యములు, తుదకు వ్యాపారప్రకటనలు సయితము అందు గలవు. 1830లో పదునాలుగేండ్ల షార్లెట్టు వ్రాసిన యట్టి సంచిక నొకదానిని హావర్తులోని బ్రాంటీ వస్తుప్రదర్శనశాలవారు 2019లో పారిస్ నగరపు వేలమున 6 లక్షల యూరోలకు గొనిరి. వెలమాట యటుండనిండు. ఆ రచనలలో విమర్శకుఁడు చూడవలసినది వేఱొకటి. షార్లెట్టు తన పేర వ్రాయక చార్లెస్ వెలెస్లీ యను పాత్రము నోట కథ చెప్పును. బ్రాన్వెల్లు యంగ్ సూల్టు అను పేర కవి యగును. ఆ కవి యతిశయోక్తులను అక్క తన రూపకమొకదానిలో నెగతాళి చేయును. కావున శిక్ష లేదనరాదు. అది యాటలోనే యిమిడియున్నది. ఒజ్జ యెఱ్ఱసిరాతో దిద్దిన దోషమును బాలుఁడు మఱచును గాని, తోడివారు నవ్విన దోషమును మఱవఁడు.

తండ్రి చేసినది స్వల్పము. పుస్తకములను, వార్తాపత్రికలను అడ్డులేక చదువనిచ్చెను. 1833లో షార్లెట్టునకు వ్రాఁతపుస్తక మొకటి యిచ్చి, అందు వ్రాయునదంతయు చక్కని విస్పష్టమైన వ్రాలుగా నుండవలెనని మొదటి పుటమీఁద వ్రాసెను. ఏమి వ్రాయవలెనో చెప్పలేదు. ఉపాధ్యాయులు ఈ యొక్క షరతును ఎంత ఆలోచించినను తగును.

ఇందుకు ప్రతిపక్షము బలహీనము కాదు. ఇరువదేండ్ల షార్లెట్టు తన పద్యములను ఆస్థానకవి సదే పరిశీలనకు బంపఁగా, 1837లో ఆయన ఆమె నేర్పును ఒప్పుకొనుచునే, పగటికలలు మనస్సును రోగగ్రస్తము చేయుననియు, సాహిత్యము స్త్రీకి జీవితవృత్తి కాఁజాలదనియు హెచ్చరించెను. రెండవమాటను 1847లో జేన్ ఐర్ నవల త్రోసివేసెను. మొదటిమాటలో కొంత నిజము లేకపోలేదు. బడిలో పంతులమ్మగా నున్న దినములలో, తాను తమ్ముఁడును గల్పించిన ఆంగ్రియా రాజ్యము పాఠము నడుమ కన్నులకు గట్టి బాధించుటను ఆమెయే వ్రాసికొన్నది. 1839 ప్రాంతమున ఆ రాజ్యమునకు వీడ్కోలు చెప్పుచు చిన్న గద్యమును రచించినది. బ్రాన్వెల్లు త్రాగుడు, నల్లమందుల పాలై 1848లో 31వ యేఁట మరణించెను. కాని యొకే యాటను నలువు రాడిరి. ఒకఁడు చెడినందుకు ఆటను దూఱువారు, మువ్వురు నవలాకర్త్రులైనందుకు దానికేమి ఫల మిత్తురో చెప్పవలెను. ఆంగ్రియా నాయకుఁడైన జమోర్నా ఛాయ రాచెస్టరునందు గలదని విమర్శకులు తఱచు చెప్పుదురు. నిజమే, అయినను ఆ వీరుని రాజనగరుల నుండి దింపి దిక్కులేని పంతులమ్మ యెదుట నిలువఁబెట్టుట వీడ్కోలు తరువాతి పని. ఆట లేనిచో దింపుటకు వీరుఁడే లేఁడు.

ఎమిలీ, ఆన్ లిరువురు 1831 ప్రాంతమున పెద్దవారినుండి విడివడి గొండాలను వేఱొక దేశమును నిర్మించికొనిరి. వారు దానిని ఎన్నఁడును విడువలేదు. 1845లో యార్కు నగరమునకు బోవుచు, ఇరువదేండ్లు ఏనాఁడో దాఁటిన యా యక్కచెల్లెండ్రు దారిపొడవున గొండాల్ పాత్రములై నటించిరి. మఱి రెండేండ్లకు వుదరింగ్ హైట్స్ అచ్చైనది. గొండాల్ పద్యములు దక్కినవి గాని గద్యకథలలో ఒక్కటియు మిగులలేదు. ఆ నవల యందలి యెంతభాగము ఆ యాటలో బుట్టినదో పరిశోధకులకు కొలుచు సాధనము లేదు.