ఆటలో అరటిపండు

మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చినప్పుడు, నేను రెండేళ్ళుగా రాస్తున్న ఆట దానికి చూపించాను. రాస్తున్నానంటే రోజూ కాదు. ఆఫీసు పనయ్యాక, రాత్రి పదిన్నరకి, ఓపికుంటే ఒక అరగంట. గోడో ఇంజన్‌లో చేస్తున్న తొక్కుడుబిళ్ళ అది. సుద్దముక్కతో గీసినట్టుండే గళ్ళు, ఒంటికాలి మీద గెంతే పిల్ల, గీత తొక్కితే అవుట్. పాదం గీతని తాకేలోపు స్పేస్ బార్ నొక్కాలి, అంతే.

అది ఐదు నిమిషాలు ఆడి, కీబోర్డు పక్కకి నెట్టేసి, "నేను నొక్కాను మామయ్యా, అదే గెంతలేదు" అంది.

నేను నిజంగానే లాగ్ తెరిచి చూశాను. (తొమ్మిదేళ్ళ పిల్లతో వాదన గెలవడానికి లాగ్ ఫైలు తెరిచే మనిషి ఎలాంటివాడో మీరే అనుకోండి.) పాదం గీతని తాకిన మూడు ఫ్రేముల తర్వాత నొక్కింది. సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి, సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం. నా ప్రోగ్రాం చేసింది కరెక్టే. కానీ పిల్ల అబద్ధం చెప్పట్లేదని కూడా దాని మొహం చూస్తేనే తెలుస్తోంది. తన లెక్కలో తను నొక్కింది.

ఆ రాత్రి 'సెలెస్ట్' కోడ్ మళ్ళీ తెరిచాను.

సెలెస్ట్ ఆడనివాళ్ళ కోసం: మ్యాడలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కుతుంది. గెంతడం, గోడ పట్టుకోవడం, గాల్లో ఒక్కసారి దూసుకెళ్ళడం, ఆమెకి వచ్చింది ఇంతే. 2015లో నాలుగు రోజుల్లో చేసిన ఒక బుల్లి ఆట నుంచి పుట్టి, 2018 జనవరిలో పూర్తి ఆటగా వచ్చింది. కష్టమైన ఆటగా పేరు పడింది. మొదటిసారి ఆడినవాళ్ళు వందలసార్లు, నాలాంటివాళ్ళైతే వేలసార్లు చచ్చిపోతారు. దాన్ని చేసిన మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ బృందం తర్వాత మ్యాడలిన్ కదలికలన్నీ ఉన్న ఫైలుని అందరూ చదువుకోడానికి బయట పెట్టేశారు. ఐదువేల పైచిలుకు లైన్లు, అన్నీ ఒకే క్లాసులో. ఇంత పెద్ద క్లాసా అని మొహం చిట్లించేవాళ్ళకి వాళ్ళే ఒక సంజాయిషీ కూడా రాసుకున్నారు.

ఆ ఫైలు పైభాగంలో వరసగా కొన్ని స్థిరాంకాలుంటాయి. చాలామంది స్క్రోల్ చేసి దాటేస్తారు. నాకు మాత్రం ఆట మొత్తంలో చదవాల్సింది అక్కడే ఉందనిపిస్తుంది. ఒకదాని విలువ 0.1. మ్యాడలిన్ కొండ అంచు దాటి గాల్లోకి వెళ్ళిపోయాక కూడా, సెకనులో పదో వంతు పాటు ఆమె ఇంకా నేల మీదే ఉన్నట్టు లెక్క. అంటే ఆరు ఫ్రేములు. ఆలోపు బటన్ నొక్కితే గెంతుతుంది. ఆటలు రాసేవాళ్ళు దీన్ని కొయొటీ టైమ్ అంటారు. కార్టూన్‌లో ఆ నక్కలాంటి జంతువు కొండ అంచు దాటి పరిగెత్తి, కిందకి చూసుకునేదాకా పడదే, ఆ పేరన్నమాట. ఇంకో విలువ 4. పైకి ఎగిరేటప్పుడు తల రాయి మూలకి తగిలితే, నాలుగు పిక్సెళ్ళ వరకూ ఆటే ఆమెని నెమ్మదిగా పక్కకి జరిపేస్తుంది. గెంతు శిఖరం దగ్గర, బటన్ వదలకుండా పట్టుకునుంటే గురుత్వాకర్షణ సగమైపోతుంది, కాస్త ఆలోచించుకోడానికి వీలుగా. ముళ్ళ నుంచి దూరంగా కదులుతున్నప్పుడు ముల్లు తగిలినా చంపదు.

వీటిలో ఏదీ ఆడేవాడికి ఎక్కడా చెప్పరు. ఆడేవాడు చచ్చి చచ్చి చివరికి ఒక గది దాటి, చెమట తుడుచుకుని, "నేను సాధించాను" అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. కోడ్ చదివిన రోజు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎక్కడో కొంచెం చురుక్కుమంది.

ఎందుకు చురుక్కుమందో నాకు తెలుసు. అమ్మమ్మగారింట్లో సెలవులకి చేరిన పిల్లల్లో నేనే చిన్నవాణ్ణి. దాగుడుమూతలైనా, తొక్కుడుబిళ్ళైనా నన్ను కూడా చేర్చుకునేవాళ్ళు. నేను ఎప్పుడూ అవుటయ్యేవాణ్ణి కాదు. అది నా ప్రతిభ అని దాదాపు రెండు వేసవులు నమ్మాను. ఒకరోజు పక్కింటి పిల్ల కొత్తగా ఆటకొచ్చి, నేను గీత తొక్కానని అరిస్తే, మా అక్క తాపీగా "వాడు ఆటలో అరటిపండే, వాణ్ణి లెక్కెయ్యక్కర్లేదు" అంది. ఆ మాటకి అర్థం నాకప్పుడే తెలిసింది. ఇంట్లోకి వెళ్ళిపోయి సాయంత్రం దాకా బయటకి రాలేదు. అంతమంది ఇన్నాళ్ళూ నా మీద చూపించింది ప్రేమేనని ఇప్పుడు తెలుసు. కానీ ఆ రెండు వేసవుల్లో నేను గెలిచిన ఆటలన్నీ ఒక్క వాక్యంతో నా దగ్గర్నుంచి పోయాయి.

సెలెస్ట్ మనందరినీ అరటిపండ్లని చేసి, ఆ సంగతి చెప్పకుండా దాచిందా? దాని కథనీ కోడ్‌నీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ ప్రశ్న ఇంకా ఇబ్బంది పెడుతుంది. కథలో మ్యాడలిన్ తన బలహీనతని తననుంచి విడదీసి వదిలించుకోవాలని చూస్తుంది, కుదరదు. ఆ రెండో మ్యాడలిన్‌తో రాజీపడి, తోడు తీసుకున్నాకే కొండ ఎక్కగలుగుతుంది. సాయం తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదని చెప్పే కథ. అలాంటి కథ చెప్పే ఆట, తను చేసే సాయాన్ని మాత్రం గుట్టుగా చేస్తుంది.

అలాగని మొత్తం గుట్టు కూడా కాదు. అసిస్ట్ మోడ్ అని మెనూలో బహిరంగంగా పెట్టారు. ఆట వేగం తగ్గించుకోవచ్చు, పట్టు సడలకుండా చేసుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. తమాషా ఏంటంటే, బోర్డు పెట్టి చేసే ఈ సాయం తీసుకోడానికే మనం మొహమాటపడతాం. నేను ఏడో అధ్యాయంలో ఒకచోట వాడాను. ఈ వ్యాసం రాసేదాకా ఎవరికీ చెప్పలేదు. అదే ఆరు ఫ్రేముల కొయొటీ టైమ్ మాత్రం మొదటి గది నుంచి చివరి గది దాకా వాడుకుని, ఒక్కసారి కూడా సిగ్గుపడలేదు. తెలియకపోతే సిగ్గు లేదు.

మా అక్క చేసిందానికీ దీనికీ తేడా ఒకటుంది. తను నన్ను లెక్కే వెయ్యలేదు. సెలెస్ట్ లెక్క వేస్తుంది, ప్రతి చావునీ లెక్కపెట్టి అధ్యాయం చివర్లో చూపిస్తుంది కూడా. కాకపోతే వేలు కదిలిన క్షణాన్ని కాకుండా, వేలు ఎప్పుడు కదలాలని మనిషి అనుకున్నాడో ఆ క్షణాన్ని పట్టుకోవాలని చూస్తుంది. కంటికి కనబడటానికీ వేలు నొక్కడానికీ మధ్య మనుషులకి కొంత సమయం పోతుంది. ఆ పోయిన సమయాన్ని ఆట తన జేబులోంచి ఇస్తోంది. ఇలా ఆలోచిస్తే చురుకు కొంత తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

ఇంకో ఆట ఉంది, టెరీ కావనా చేసిన 'వీవీవీవీవీవీ'. ఆరు వీలు, సరిగ్గా లెక్కపెట్టి టైప్ చేశాను. 2010లో వచ్చింది. ఇందులో అసలు గెంతడమే లేదు. బటన్ నొక్కితే గురుత్వాకర్షణ తిరగబడి మన కెప్టెన్ కప్పు మీద పడతాడు. నాకు తగిలినంతవరకూ ఇందులో గుట్టు సాయాలు లేవు. ముల్లు తగిలితే పోయావు. కానీ దాదాపు ప్రతి గదిలోనూ చెక్‌పాయింట్, చచ్చిన క్షణంలోనే మళ్ళీ అక్కడ లేచి నిలబడతావు. పడకుండా పట్టుకోదు, పడ్డాక ఏమీ అనదు. ఈ ఆటలో ఒక మోకాలెత్తు దిమ్మె ఉంది. గెంతడం వచ్చినవాడెవడైనా అర సెకనులో దాటేస్తాడు. కెప్టెన్‌కి గెంతడం రాదు కాబట్టి, ముళ్ళ మధ్యలోంచి గదుల మీద గదులు పైకి ఎగిరి, తిరగబడి, అదే దారిన కిందకి రావాలి, దిమ్మెకి అటువైపు దిగడానికి. మధ్యలో చెక్‌పాయింట్లుండవు. నాకొక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. ఆ గెలుపు మాత్రం ఎవరూ నా దగ్గర్నుంచి తీసుకోలేరు.

దీని కోడ్ కూడా 2020లో, ఆట పదేళ్ళ పండక్కి, బయట పెట్టారు. చదువుతుంటే నాకు నవ్వాగలేదు. సంభాషణలు, టెలిపోర్టర్లు, లెవెల్ అయిపోవడాలు, అన్నీ ఒకే ఒక్క పెద్ద స్విచ్ స్టేట్‌మెంట్‌లో కుక్కేశాడు. అందులో చివరి నంబరు 4099. ఏ నంబరు దేనికో గుర్తుండటానికి పక్కన నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. మా ఆఫీసులో ఎవరైనా ఇది రివ్యూకి పంపితే రెండో లైన్ దగ్గరే వెనక్కొస్తుంది. అలా వెనక్కి పంపేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ అలవాటుతోనే నా తొక్కుడుబిళ్ళ స్టేట్ మెషీన్‌ని మూడుసార్లు తిరగరాశాను. చాలా అందంగా ఉంటుంది. ఆటలో ఇప్పటికి పనిచేస్తున్నవి నాలుగు గళ్ళు.

రెండింట్లో ఏది మెరుగైన ఆట అంటే, నిజాయితీలో వీవీవీవీవీవీకే నా ఓటు. మళ్ళీ మళ్ళీ తెరిచేది మాత్రం సెలెస్ట్‌నే. ఈ రెండు వాక్యాల్నీ కలపడానికి చాలా రోజులు ప్రయత్నించి ఊరుకున్నాను.

ఆ రాత్రి నా కోడ్‌లో ఒకే ఒక్క లైన్ కలిపాను. గీత తాకాక ఆరు ఫ్రేముల దాకా నొక్కినా, నొక్కినట్టే. పొద్దున లేచి మేనకోడలు ఆడింది. నాలుగు గళ్ళూ దాటేసింది. "నాకు వచ్చేసింది మామయ్యా!" అని ఇల్లంతా గెంతింది, ఒంటికాలి మీదే.

మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాను. తర్వాత ఇక ఉండలేక, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లైన్ చూపించాను. ఇదిగో, ఈ ఆరు ఉంది కాబట్టి నువ్వు లేటుగా నొక్కినా ఒప్పుకుంటోంది అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. నేనైతే ఏడ్చేవాణ్ణి. అది స్క్రీన్ కేసి కాసేపు చూసింది.

"సున్నా పెడితే?"

సున్నా పెట్టాను. ఆడింది, రెండో గడిలో పోయింది. మళ్ళీ ఆరు పెట్టమంది, దాటింది. పన్నెండు పెట్టమంది. పన్నెండుతో కళ్ళు మూసుకుని ఆడటానికి ప్రయత్నించింది. ఆ తర్వాత కీబోర్డు నా వైపు తోసి, "ఇద్దరికీ వేరే వేరే నంబర్లు పెట్టొచ్చా?" అని అడిగింది.

పెట్టొచ్చన్నాను.

"అయితే నాకు ఆరు, నీకు సున్నా. ఇప్పుడు పందెం."