కొత్త గది ఎవరికి?

ఇంట్లో పెళ్లి కుదిరిందంటే పురోహితుడి వెనకే తాపీమేస్త్రి కూడా గుమ్మంలోకి వస్తాడు. ముహూర్తం ఆయన చూస్తే, కొత్త దంపతులకి గది ఎక్కడన్నది ఈయన చూడాలి. తెనాలిలో మా అక్కావాళ్లింట్లో ఇప్పుడు ఆ రెండో పంచాయితీ నడుస్తోంది. నాకు ఇళ్లు చూడటమంటే పిచ్చి. ఎవరింటికి వెళ్లినా కాఫీ వచ్చేలోపు మెట్ల కింద ఏం పెట్టారో, వంటింటి కిటికీ ఎటు తెరుచుకుంటుందో చూసేస్తాను. ఆ సంగతి తెలుసు కనక బావగారు ఫోన్ చేసి, "నువ్వే తేల్చు మరదలా, పైకెళ్లాలా, పక్కకి జరగాలా?" అన్నారు.

ఇల్లు 1986లో బావగారి నాన్నగారు కట్టించిన డాబా. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల గోడల మీదే స్లాబు. ముందు వరండా, తర్వాత పెద్ద హాలు, వెనక వంటిల్లు, రెండు పడగ్గదులు. ఒకటి అక్క అత్తగారిది, ఇంకోటి అక్కాబావలది. పెళ్లికొడుకు, అంటే అక్కావాళ్లబ్బాయి, ఇన్నేళ్లూ హాల్లో దివాన్ మీద పడుకుని ఇంజనీరింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో కూడా చేరాడు. ఎవరికీ అది లోటుగా తోచలేదు. పెళ్లి అనేసరికి తోచింది.

మన ఇళ్లలో మనిషికో గది అన్న లెక్క ఈమధ్యదే. మగవాళ్లు అరుగు మీదో వసారాలోనో నడుం వాల్చేవాళ్లు. పిల్లలంతా అమ్మమ్మ చుట్టూ చాపల మీద. నవారు మంచం తెల్లారగానే గోడకి చేరేది. వేసవిలో సాయంత్రం డాబా మీద నాలుగు బిందెల నీళ్లు చల్లేస్తే అందరి పక్కలూ పైనే. మంచం మనిషి వెంట తిరిగేది. డబుల్‌కాట్ వచ్చాక మంచం ఉన్న చోటికే మనిషి వెళ్లాల్సి వచ్చింది. దాని పక్కన బీరువా, డ్రెస్సింగ్ టేబులు, పాత పరుపులు. పది బై పన్నెండు గదిలో నడవడానికి మిగిలేది జానెడు సందు.

అందుకే గది చాలడం లేదని ఎవరన్నా నేను ముందు ఉన్న గదుల తలుపులు తీయమంటాను. చాలా ఇళ్లలో చోటు చాలనిది మనుషులకి కాదు, సామానుకి. అక్క గదిలో ఓ మూల మొత్తం ఇత్తడి బిందెలు, ట్రంకు పెట్టెలు, ఎవరి పెళ్లిలోనో వచ్చి ప్యాకింగు విప్పని డిన్నర్ సెట్లు. అవన్నీ అటకెక్కిస్తే గది పెద్దదవుతుంది, నిజమే. కానీ కొత్త జంటకి కావాల్సింది గడియ వేసుకునే తలుపు. అటక సర్దితే తలుపు పుట్టదు కదా.

బావగారి తమ్ముడు చెప్పిన సలహా వరండా మూసెయ్యమని. "కట్టాల్సింది రెండు గోడలే వదినా, పదిహేను రోజుల్లో గది" అన్నాడు. అన్నిట్లోకీ చవక ఇదే. అన్నిట్లోకీ చెడ్డదీ ఇదేనని నా గట్టి నమ్మకం. హాలు కిటికీలు వరండాలోకే తెరుచుకుంటాయి. వరండా గదైతే ఆ కిటికీలు ఇంకొకరి పడగ్గదిలోకి తెరుచుకుంటాయి, అంటే ఇక తెరుచుకోవు. ఉక్కపోత ఉండే మనలాంటి ప్రాంతాల్లో గది నేలలో కనీసం ఆరో వంతు కిటికీలూ వెంటిలేటర్లూ ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. 120 చదరపు అడుగుల గదికి 20 అడుగుల తెరుపు. నాలుగు బై నాలుగు కిటికీ ఒక్కటి పెట్టి సరిపెట్టుకునే గదులే ఆ లెక్కకి అందవు, ఇక ఉన్న కిటికీని కూడా మూసుకుంటే హాల్లో పగలే లైటు వేసుకుని కూర్చోవాలి. పైగా ఎండనీ జల్లునీ ఇంటి గోడదాకా రాకుండా ఆపేది ఆ వరండాయే.

పక్క సందులోకి జరగడం గురించి ఎక్కువ మాట్లాడలేదు. ప్రహరీకీ ఇంటికీ మధ్య వదిలిన జాగా మనదే అయినా గది కట్టుకోవడానికి కాదు. స్థలాన్ని బట్టి, రోడ్డుని బట్టి ఎంత వదలాలో 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల్లో ఉంది. అదీకాక అక్కావాళ్ల సెప్టిక్ ట్యాంకు ఆ సందులోనే. మేస్త్రి ఇంకో మాట కూడా చెప్పాడు. డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పాత పునాది దిగాల్సినంతా దిగి ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇప్పుడు దిగడం మొదలుపెడుతుంది. రెంటినీ పళ్లు కలిపి కడితే అతుకు దగ్గర పగులు ఖాయం. విడగొట్టి, మధ్యన సందు వదిలి కట్టాలి.

ఇక మేడ. బావగారి మనసంతా అక్కడే ఉంది. పైన గది లేని ఇల్లు పూర్తయినట్టు కాదని మా వైపు ఓ అభిప్రాయం. అందుకే ఎన్ని డాబాల మీద చూసినా పైకి లేచిన ఊచలు, వాటికి తుప్పు పట్టకుండా తొడిగిన ఖాళీ సీసాలు. అక్కావాళ్ల డాబాకి ఆ ఊచలు కూడా లేవు. భారమంతా గోడలదే కాబట్టి పైగోడ కిందిగోడ మీదే లేవాలి, నచ్చిన చోట లేవడానికి లేదు. పన్నెండు బై పన్నెండు గదికి అయిదంగుళాల స్లాబు ఒక్కటే నాలుగు టన్నులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలూ ప్లాస్టరూ కలిపితే మొత్తం 20 టన్నులు దాటుతుంది. ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు వాడితే గోడల బరువు మూడో వంతుకి తగ్గుతుంది. ఏది వాడినా ఆ బరువు మోయాల్సింది 1986 నాటి పునాదే.

"గుంట తవ్వి పునాది చూడకుండా నేను మాటివ్వలేనమ్మా" అన్నాడు మేస్త్రి. నాకు ఆ మనిషి మీద గురి కుదిరింది అప్పుడే. ఇంటి మూల దగ్గర గుంట తీయించి, పునాది ఎంత లోతుందో, అడుగున ఎంత వెడల్పుందో కొలిచి, ఆ కొలతలు స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాలి. ఈలోగా గోడలు చూడొచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు ఉంటే పునాది కదిలిందేమోనని అనుమానించాలి. అక్కావాళ్ల ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర అలాంటిది ఒకటుంది. ఏటా సంక్రాంతి సున్నంలో దాన్ని పూడుస్తూ వచ్చారు.

సరే, పునాది మోస్తుందనే అనుకుందాం. మెట్లెక్కడ? పదడుగుల ఎత్తుకి ఏడంగుళాల మెట్లయితే పదిహేడు కావాలి. మధ్యలో మలుపు తిప్పి లోపల కడితే కింద అరవై అయిదు చదరపు అడుగులు పోతాయి. అంటే పైన గది కోసం కింద అరగది వదులుకోవడం. బయటి నుంచి వేస్తే జాగా పోదు గానీ, పైగది వేరింటి వాటా అయిపోతుంది. వానలో టిఫినుకి గొడుగేసుకుని దిగాలి. అర్ధరాత్రి కిందికి రావాలంటే వీధి తలుపు కొట్టాలి. ఓవర్‌హెడ్ ట్యాంకుని కొత్త గది నెత్తికెక్కించాలి, లేకపోతే పై బాత్రూంలో షవరు రాదు. మేడ మీద సగమే కడితే దక్షిణం, పడమర బరువుండి ఈశాన్యం ఖాళీగా ఉండాలంటుంది వాస్తు. అంటే గది నైరుతిలో. మే నెలలో మధ్యాహ్నం నుంచీ పడమటి ఎండంతా ఆ గోడకే, ఆ వేడి వదిలేది మనం పడుకున్నాకే. బీరువాలు నైరుతిలో పెట్టమనేది కూడా వాస్తే కాబట్టి పడమటి గోడ పొడుగునా అల్మరాలు కట్టించేస్తే సరి. చీరలూ దుప్పట్లూ ఎండకి అడ్డుంటాయి, వాస్తుకీ కోపం రాదు.

అక్కావాళ్ల వీధిలో మేడగదులు చాలానే ఉన్నాయి. అమెరికా పిల్లలు వచ్చే సంక్రాంతికి దులిపి, వాళ్లు వెళ్లాక తాళం వేసేవే ఎక్కువ. వాటి ఖర్చు ఎవరూ గదుల లెక్కలో వేయరు, ప్రేమ లెక్కలో వేసుకుంటారు. కాదనడానికి నేనెవర్ని?

ఇంత చర్చలో ఎవరూ అడగనిది కాబోయే కోడల్ని. ఆ పిల్ల హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది, అమెరికా వాళ్లతో మాటలు రాత్రి ఒంటిగంట దాకా. అక్క మొహమాటపడుతూనే ఫోన్ నాకిచ్చింది. "గది ఎక్కడైనా పర్లేదు పిన్నిగారూ. రాత్రి నా మాటలకి మామ్మగారి నిద్ర చెడకూడదు. మంచినీళ్లకి మెట్లు దిగకుండా ఉంటే చాలు" అంది. మేడ మీద బావగారు కట్టిన మేడ ఆ చివరి వాక్యంతో కూలిపోయింది.

అప్పుడు నాకు తోచింది ఇది. కొత్త గది కొత్తవాళ్లకే ఇవ్వాలని ఎక్కడుంది? వెనకవైపు అక్కాబావల గది ఇంటికి ఆ చివర, బాత్రూం దానికే ఉంది, వంటిల్లు రెండడుగుల్లో. రాత్రి పనికి అంతకన్నా అనువైన గది ఈ ఇంట్లో లేదు. అది పిల్లలకిచ్చి, హాలుని గోడతో విడదీసి అక్కాబావలు ముందుకి రావాలి. పద్నాలుగు బై ఇరవై రెండు హాల్లో పదడుగులు గదికి పోయినా పన్నెండు మిగులుతుంది. గదికో కిటికీ, హాలుకో కిటికీ వస్తాయి. అత్తయ్యగారి గది పక్కనే కాబట్టి రాత్రి ఆవిడ పిలిస్తే వినిపిస్తుంది కూడా.

బావగారి ముఖం వాడింది. "ఇంటి యజమాని నైరుతి వదిలితే ఎలా?"

అత్తయ్యగారు దివాన్ మీంచే అందుకున్నారు. "ఇన్నేళ్లూ నైరుతిలోనే పడుకున్నావుగా. నీ షుగరేమన్నా తగ్గిందిట్రా?"

తర్వాత మాటలు మేస్త్రితోనే. గోడ నాలుగున్నర అంగుళాల ఇటుకది, చెక్క పార్టిషన్ వద్దు. ప్లైవుడ్ అయితే హాల్లో టీవీ సీరియల్ డైలాగులన్నీ మంచం మీదికి వచ్చేస్తాయి. లింటెల్ దాకా కట్టి పైన జాలీ పెట్టే పద్ధతీ వద్దు, స్లాబు దాకా లేపాలి. ఇటుక గోడని టైల్స్ మీదే లేపెయ్యకుండా ఆ వరసలో నేల తవ్వి కింద కాంక్రీట్ పరవాలి. తలుపు లోపల గుల్లగా ఉండేది కాకుండా నిండు చెక్కది, కింద సందు లేకుండా. మేడ మెట్ల డబ్బులో ఇదంతా ఓ మూలకి వస్తుంది. పునాది గుంట మాత్రం తవ్వించమన్నాను. మేడ ఎప్పుడు కట్టినా ఆ కొలతలు కావాలి, ఆ తూర్పు కిటికీ పగులు సంగతీ తేలుతుంది.

సోమవారం ఇటుక దిగుతోంది. ఇత్తడి బిందెలు ఏ అటక ఎక్కాలన్న దాని మీద అక్కకీ అత్తగారికీ ఇంకా రాజీ కుదరలేదు. బావగారు మాత్రం హాల్లోంచి టీవీ కొత్త గదిలోకి వెళ్లాల్సిందేనని పట్టుబట్టి కూర్చున్నారు.